ట్రాక్టరు ఇంజను – ఇంటి దగ్గర మనమే చేసుకోదగిన పనులు



ఎద్దుల వ్యవసాయం నడిచిన రోజుల్లో మన పెద్దలకు ఒక అలవాటు ఉండేది. పొద్దుగూకి ఇల్లు చేరగానే కాడి దించి, ఎద్దుల మెడలు తడిమి చూచేవారు. కాడి ఒరుసుకొని ఎక్కడైనా పుండు పడిందా, గిట్టలో ముల్లు దిగిందా అని చూచి, కుడితి పెట్టి, మేత వేసి, ఆ తరువాతగాని తాము కాళ్లు కడుక్కునేవారు కారు. ఇందుకు పశువుల డాక్టరు అవసరం లేదు. కళ్లూ చేతులూ ఉంటే చాలు, రోజూ చూడాలనే బుద్ధి ఉంటే చాలు.

ఎద్దుల స్థానంలో ట్రాక్టరు వచ్చింది. అలవాటు మాత్రం పోయింది. పని కాగానే తాళంచెవి తీసి జేబులో వేసుకొని పోతున్నాం. ఎద్దుకు బాధ కలిగితే కుంటుతుంది, మేత మానుతుంది. ఇంజను అలా చెప్పదు. చాలాకాలం ఓర్చుకొని, ఒకనాడు సరిగ్గా పని ముమ్మరంగా ఉన్నప్పుడు కూలబడుతుంది. అప్పుడు మెకానిక్కు కోసం పరుగెత్తుతాం. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడమంటే ఇదే గదా!

ఈ మాట ఒకరిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నా సంగతే చెబుతాను. మాది ఎర్ర చెల్క నేల. ట్రాక్టరు కొన్న రెండో వేసవిలో దుక్కులు ముమ్మరంగా చేశాను. వెనక దుమ్ము మేఘంలా లేచేది. ఆ వానాకాలం మొదట్లో పొద్దున్నే ఇంజను ఒక పట్టాన స్టార్టు కాకుండా పోయింది. నీలం రంగు పొగ వచ్చేది. ఆయిలు రోజురోజుకూ తగ్గేది. పాతబడింది గాబోలు అనుకున్నాను. రెండేళ్ల బండి పాతబడడమేమిటి అని ఆలోచించలేదు. చివరకు హెడ్డు విప్పించవలసి వచ్చింది. పిస్టను తిరిగే లైనరు పైభాగాన గోరు తగిలి ఆగేటంత అరుగుదల కనిపించింది. రింగులు అరిగిపోయాయి. మెకానిక్కు ఏమీ అనకుండా గాలి ఫిల్టరుకూ ఇంజనుకూ నడుమ ఉన్న రబ్బరు గొట్టం ఊడదీసి, లోపల వేలు పెట్టి తిప్పి నాకు చూపాడు. వేలికి మా చెల్క మన్ను అంటుకొని వచ్చింది. ఆ గొట్టం చివర క్లిప్పు వదులై ఉంది. దాన్ని బిగించడానికి కావలసింది ఒక స్క్రూడ్రైవరు, అర నిమిషం.

ఆ అర నిమిషం పని చేయనందుకు కొత్త లైనర్లు, పిస్టన్లు, రింగులు కొన్నాను. అంతకంటె పెద్ద నష్టం మరొకటి. దమ్ము చేయవలసిన రోజుల్లో కిరాయి ట్రాక్టరు కోసం ఇల్లిల్లూ తిరిగాను. వంతు వచ్చేసరికి మడిలో నారు ముదిరిపోయింది. ముదురు నారు నాటితే పిలకలు ఎంత తగ్గుతాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

అప్పటినుండి ఇంజను పనులు కొన్ని నేర్చుకున్నాను. చదువుకున్న ఇంజనీరును కాను. నట్టు ఏ వైపు తిప్పితే ఊడుతుందో కూడా మొదట్లో తడుముకున్నవాణ్ణే. కాబట్టి మొదటిసారి స్పానరు పట్టేవారికి ఎక్కడ సందేహం వస్తుందో నాకు తెలుసు.

ముందుగా ఇంజను ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెప్పుకుందాం. 1897లో జర్మనీ దేశంలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు ఈ తరహా ఇంజనును నడిపి చూపాడు. మనం పోసే నూనెకు ఆయన పేరే వచ్చింది. ఇందులో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. పిస్టను దిగినపుడు గాలిని లోపలికి పీలుస్తుంది. పైకి వచ్చినపుడు ఆ గాలిని గట్టిగా నొక్కుతుంది. సైకిలు పంపు కొట్టినపుడు దాని అడుగుభాగం వేడెక్కడం మీరు చూచే ఉంటారు. అదే విధంగా ఇక్కడ గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వేడెక్కుతుంది. అందులోకి డీజిలు సన్నని తుంపరగా పడగానే భగ్గుమని మండి పిస్టనును కిందికి తోస్తుంది. కాలిన పొగ నాలుగో దెబ్బకు బయటికి పోతుంది. ఇంతే దాని రహస్యం. కాబట్టి ఇంజనుకు కావలసినవి నాలుగు: శుభ్రమైన గాలి, మంచి ఆయిలు, తగినంత నీరు, నలకలేని డీజిలు. ఈ నాలుగింటినీ కాపాడడం మన పని. మిగతాది మెకానిక్కు పని.

పనికి దిగేముందు జాగ్రత్తలు. బండిని చదునైన నేలపై నిలపండి. వెనక ఉన్న నాగలిగాని, రోటవేటరుగాని నేలకు దించండి. ఇంజను ఆపి తాళంచెవి తీసి మీ దగ్గర పెట్టుకోండి. హ్యాండుబ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. భుజాన తువ్వాలు, జారిన పంచె కొంగు, చీర చెంగు ఫ్యాను బెల్టు దగ్గరకు రానీయకూడదు. మూసిన కొట్టంలో ఇంజను నడపవద్దు. ఆ పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది, అది మనిషిని నిద్రపుచ్చి చంపుతుంది. బీడీ, చుట్ట దూరంగా ఉంచండి.

ఇక మొదటిది గాలి. ఒక లీటరు డీజిలు మండడానికి తక్కువలో తక్కువ 10,000 లీటర్ల గాలి కావాలి. రోజుకు ముప్పై లీటర్లు కాల్చే బండి ఎంత గాలి పీలుస్తుందో లెక్కవేసుకోండి. ఆ గాలంతా మనం రేపే దుమ్ములోనుంచే పోవాలి. పిస్టనుకూ లైనరుకూ నడుమ చేరిన మట్టి, ఆయిలుతో కలిసి సాన పట్టినట్లు ఇనుమును అరగదీస్తుంది.

పాత తరహా బండ్లలో ఆయిలు గిన్నె ఉన్న గాలి ఫిల్టరు ఉంటుంది. గాలి ఆ ఆయిలును తాకి పోతుంటే దుమ్ము అందులో చిక్కుకుంటుంది. దుమ్ములో పనిచేసే రోజుల్లో ప్రతిరోజూ గిన్నె విప్పి చూడండి. అడుగున బురద పేరుకుంటే, లేదా ఆయిలు చిక్కబడితే, పారబోసి, గిన్నెను డీజిలుతో కడిగి, తుడిచి, కొత్త ఇంజను ఆయిలు గుర్తు వరకు పోయండి. గుర్తు దాటి పోయకూడదు. ఎక్కువైతే ఆ ఆయిలునే ఇంజను పీల్చుకుంటుంది. అప్పుడు తాళం తిప్పినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం కలదు. పైనున్న తీగల జాలీని కూడా అప్పుడప్పుడు విప్పి కడిగి ఆరబెట్టండి.

కొత్త బండ్లలో కాగితపు ఫిల్టరు వస్తున్నది. చాలావాటిలో రెండు ఉంటాయి, ఒకదాని లోపల ఒకటి. బయటి ఫిల్టరును చక్రానికేసి కొట్టి దులపడం చాలామందికి అలవాటు. అలా కొడితే అంచులు సొట్టపడి, ఆ సందున దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. కాగితాన్ని నీళ్లతో కడగడం, గట్టి గాలితో ఊదడం కూడా చెరుపే. సూచనల పుస్తకంలో చెప్పిన పద్ధతిలోనే శుభ్రం చేయండి, చెప్పిన గడువుకు మార్చండి. లోపలి ఫిల్టరును శుభ్రం చేయడం అనేది లేదు, మార్చడమే. ఇక ఏ రకమైన ఫిల్టరున్నా, రబ్బరు గొట్టాన్ని చేత్తో వంచి బీటలున్నాయేమో చూడండి. రెండు చివర్ల క్లిప్పులు కదిపి చూడండి. నా ఇంజనును తిన్నది ఆ క్లిప్పేనని మరచిపోకండి.

రెండవది ఆయిలు. పొద్దున బండి కదల్చక ముందు కొలపుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. పుల్లపై రెండు గుర్తులుంటాయి. ఆయిలు ఆ రెంటి నడుమ ఉండాలి. తక్కువైతే పోయాలి, పై గుర్తు దాటకూడదు. నిన్ననే మార్చిన ఆయిలు నల్లబడిందని కంగారుపడేవారున్నారు. డీజిలు ఇంజనులో మసి చేరి ఆయిలు త్వరలోనే నల్లబడుతుంది. అది చెడిపోయిందనడానికి గుర్తు కాదు. పాలు కలిపినట్లు తెల్లగా ఉంటే మాత్రం నీళ్లు చేరాయన్నమాట. వేళ్లమధ్య రుద్దితే ఇసుకలా తగిలితే దుమ్ము చేరిందన్నమాట. ఈ రెండు సందర్భాలలోనూ ఇంజను నడపక మెకానిక్కుకు చూపించండి. ఇక నీళ్లలా పలచబడి, డీజిలు వాసన వేస్తూ, కొలత పెరుగుతూ ఉంటే డీజిలు ఆయిలులోకి దిగుతున్నదన్నమాట. అది కూడా ఆలస్యం చేయదగినది కాదు.

ఆయిలు మార్చడం ఇంటి దగ్గర చేసుకోదగిన పని. చాలా ట్రాక్టర్లకు 250 గంటలకు ఒకసారి మార్చమని పుస్తకంలో ఉంటుంది. మీ బండికి ఎంతో మీ పుస్తకంలోనే చూచుకోండి. గంటలు చూపే మీటరు స్టీరింగు ముందు ఉంటుంది. కావలసినవి: సరైన కొలత రింగు స్పానరు ఒకటి, వెడల్పాటి పాత బేసిను, గరాటు, శుభ్రమైన గుడ్డ, పుస్తకంలో చెప్పిన రకం ఆయిలు, కొత్త ఫిల్టరు.

ఇంజనును అయిదు నిమిషాలు నడిపి గోరువెచ్చగా చేసి ఆపండి. వెచ్చని ఆయిలు మురికితో సహా దిగుతుంది. మరీ కాగిన ఆయిలైతే చేతులు కాలుతాయి. అడుగునున్న ప్లగ్గును విప్పి ఆయిలును బేసినులోకి దించండి. చుక్కలు ఆగేదాకా ఓపిక పట్టండి. ప్లగ్గుకు ఇనుప రజను అంటుకొని ఉంటే చూడండి. సన్నని పొడి కొంచెం ఉండవచ్చు. మెరిసే పెచ్చులుంటే లోపల ఏదో అరుగుతున్నదన్నమాట. ప్లగ్గు వాషరు నలిగితే మార్చి, బిగించండి. బలం చూపి బిగిస్తే మర చెడుతుంది.

తరువాత ఫిల్టరు. మొదటిసారి చేసేవారు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. పాత ఫిల్టరు ఊడినా దాని రబ్బరు వాషరు ఇంజనుకే అంటుకొని ఉండిపోతుంది. దానిపైనే కొత్తది బిగిస్తే ఆయిలు చిమ్మి కొద్ది నిమిషాల్లో ఇంజను ఎండిపోతుంది. వేలితో తడిమి, పాత వాషరు లేదని రూఢి చేసుకోండి. కొత్త వాషరుకు కొంచెం ఆయిలు రాసి, చేత్తోనే బిగించండి. ఆపైన కొలత ప్రకారం ఆయిలు పోసి, ఇంజను స్టార్టు చేసి నెమ్మదిగా నడవనీయండి. ఆయిలు దీపం కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపండి. ప్లగ్గు దగ్గర, ఫిల్టరు దగ్గర కారడం లేదని చూచుకొని, ఇంజను ఆపి, పది నిమిషాల తరువాత కొలపుల్ల మళ్లీ చూడండి.

తీసిన నల్ల ఆయిలును కాలువలో, బావి దగ్గర, చేలో పారబోయకండి. అది నీటిని, నేలను చెరుస్తుంది. డబ్బాలో దాచి, పాత ఆయిలు కొనడానికి అనుమతి ఉన్నవారికి ఇవ్వండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

మూడవది నీరు. రోజూ పొద్దున ఇంజను చల్లగా ఉన్నపుడే రేడియేటరు మూత తీసి చూడాలి. వేడిగా ఉన్నపుడు మూత తిప్పితే లోపలి ఆవిరి, మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. మన బావుల నీళ్లు చాలాచోట్ల చవుడు నీళ్లు. అన్నం గిన్నె అడుగున తెల్లగా పేరుకున్నట్లే ఇంజను లోపలా పేరుకుంటుంది. అందుచేత పుస్తకంలో చెప్పిన కూలెంటు ద్రవం, మంచి నీళ్లు కలిపి పోయడం మేలు. రేడియేటరు సందుల్లో ఊక, గడ్డి, పురుగులు చిక్కుకుంటే గాలి ఆడదు. మెత్తని బ్రష్షుతో, నెమ్మదైన నీటి ధారతో తీసివేయండి. నూర్పిళ్ల రోజుల్లో ఇది ప్రతిరోజూ చేయవలసిన పని. ఫ్యాను బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు, అంతకు కొంచెం పైగా లోపలికి పోవాలి. ఎక్కువ పోతే వదులు, పోకపోతే మరీ బిగువు.

దున్నుతుండగా ముల్లు ఎర్రగీతకు చేరిందనుకోండి. పని ఆపి, భారం తీసి, రేడియేటరులో నీరు ఉన్నట్లయితే ఇంజనును నెమ్మదిగా కొద్దిసేపు నడవనివ్వండి. నీరు కారిపోయి ఉంటే వెంటనే ఆపండి. ఏది చేసినా, కాగిన ఇంజనులో చన్నీళ్లు మాత్రం గుమ్మరించవద్దు. పొయ్యిమీది ఖాళీ మట్టికుండలో చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో హెడ్డుకూ అదే అవుతుంది. చెట్టునీడన అరగంటో గంటో కూర్చోండి. ఆ గంట నష్టం కాదు.

నాల్గవది డీజిలు. పంపు, ఇంజెక్టరు అనే భాగాలు వెంట్రుక కంటె సన్నని సందులతో చేసినవి. చిన్న నలుసు, నీటిచుక్క వాటిని పాడుచేస్తాయి. డీజిలు డ్రమ్ముల్లో తెచ్చుకునేవారు దాన్ని ఒకరోజు కదపకుండా ఉంచి, అడుగు మడ్డి కదలకుండా పైతేట తీసుకోవాలి. సాయంత్రం పని కాగానే ట్యాంకు నింపండి. ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ నీరుగా మారి డీజిలులో కలుస్తుంది. ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే మర ఉంటే పుస్తకం చెప్పిన ప్రకారం విప్పి నీళ్లు తీసేయండి.

ట్యాంకు ఖాళీ అయి ఇంజను ఆగితే గొట్టాల్లో గాలి చేరుతుంది. తరువాత డీజిలు పోసినా స్టార్టు కాదు. బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫు కొట్టడం తెలివితక్కువ. ఫిల్టరు పైనున్న చిన్న మరను రెండు చుట్లు వదులు చేసి, చేతి పంపును కొడుతూ ఉండండి. మొదట నురుగు, బుడగలు వస్తాయి. బుడగ లేకుండా డీజిలు ధారగా రాగానే, ధార పోతుండగానే మర బిగించండి. రెండో ఫిల్టరు ఉంటే దానికీ, పంపు మీది మరకూ ఇదే క్రమం. ఇంతవరకే మన పని. ఇంజెక్టరు గొట్టాలు ఇంజను తిరుగుతుండగా విప్పకూడదు. ఆ తుంపర చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. సూదిపోటంత గాయమే అయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి, లేకుంటే వేలు, చెయ్యి పోగొట్టుకోవలసి వస్తుంది. 2023 నుండి మన దేశంలో 50 అశ్వశక్తికి మించిన కొత్త ట్రాక్టర్లకు పొగ విషయంలో కట్టుదిట్టమైన నిబంధనలు వచ్చాయి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో డీజిలు చిమ్మే ఇంజన్లలో ఒత్తిడి ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. వాటి డీజిలు గొట్టాల జోలికి అసలే పోవద్దు.

ఇంజను మాట్లాడదని మొదట అన్నాను. అది పూర్తిగా నిజం కాదు. పొగగొట్టం ద్వారా మాట్లాడుతుంది. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదని, లేదా మోయలేని భారం వేశామని అర్థం. ముందుగా గాలి ఫిల్టరు చూడండి, గేరు తగ్గించండి. నీలంపొగ వస్తే ఆయిలు కాలిపోతున్నదని అర్థం. తెల్లపొగ చలి ఉదయాన కొద్దిసేపు వస్తే ఫరవాలేదు. వేడెక్కిన తరువాత కూడా వస్తుంటే డీజిలు సరిగా మండడం లేదు, లేదా నీళ్లు లోపలికి దిగుతున్నాయి. రోజూ బండి స్టార్టు చేసి ఒక్క నిమిషం పొగను చూడండి, చప్పుడు వినండి. మీ ఇంజను మామూలు చప్పుడు మీ చెవికి పట్టాలి. అప్పుడే తేడా తెలుస్తుంది. టర్బో ఉన్న బండిని బరువు పని కాగానే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా నడవనిచ్చి ఆపండి.

వాల్వుల సందు సరిచేయడం, ఇంజెక్టర్లు పరీక్షించడం, పంపు సర్దడం, హెడ్డు విప్పడం మనవి కావు. సీలు వేసిన మరలు విప్పకండి. వారంటీ ఉన్న బండికి గడువు ప్రకారం సర్వీసు చేయించి రసీదులు దాచండి. తెలిసిన పని చేయడం ఎంత ముఖ్యమో, తెలియని చోట చెయ్యి పెట్టకపోవడమూ అంతే ముఖ్యం.

చివరగా ఒక నోటుపుస్తకం. తారీకు, మీటరు గంటలు, పోసిన ఆయిలు, మార్చిన ఫిల్టరు రాయండి. మా ఇంట్లో ఈ పద్దు మా అమ్మాయి రాస్తున్నది. "నాన్నా, 240 గంటలైనాయి" అని తనే గుర్తుచేస్తుంది. మెకానిక్కు వచ్చినపుడు ఆ పుస్తకం చూపితే సగం రోగం అక్కడే తెలుస్తుంది.

గ్రామాల్లో పనిచేసే విస్తరణ సోదరులకు ఒక మనవి. ఈ పనులు ఉపన్యాసంతో రావు. వేసవి దుక్కులకు ముందు ఒక ఉదయం ఊళ్లోని ట్రాక్టర్ల వారిని ఒకచోట చేర్చండి. మీరు చేసి చూపడంతో ఆపక, గాలి ఫిల్టరును ప్రతి ఒక్కరి చేత విప్పించి, బిగింపించండి. బండి నడిపే కూలివాణ్ణి తప్పక పిలవండి, రోజూ దానితో ఉండేది అతడే. ఇంకా వివరంగా నేర్చుకోదలచినవారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలోనూ విచారించవచ్చు.

రేపు పొద్దున బండి తీసేముందు ఒక్క పని చేయండి. బానెట్టు ఎత్తి, గాలి గొట్టం క్లిప్పు వేళ్లతో కదిపి చూడండి. గట్టిగా ఉంటే సంతోషం. కదిలితే, స్క్రూడ్రైవరు ఎక్కడుందో మీకు తెలుసు గదా.